ఎర్ర దీపం వెలగలేదు

సంఘం తమ్ముళ్ళు ఇంటికి వచ్చి, "అన్నా, సావనీరుకు ఒక వ్యాసం వ్రాసియ్యాలె. పూర్వ విద్యార్థుల పేజీలు నాలుగు ఖాళీగ ఉన్నయి" అన్నారు. ఏ విషయం మీద అని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. నిరుద్యోగ సమస్య, విద్యార్థుల కర్తవ్యం, సమాజంలో స్త్రీ స్థానం మొదలైన గంభీర విషయాల మీద వ్రాసేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. నా ఇష్టమే అయినప్పుడు నేను మైకు గురించి వ్రాస్తాను. ఇంట్లో కూర్చుని ఒక మనిషి గొంతును రికార్డు చేసేటప్పుడు మైకు జోరు ఎంత పెట్టాలి అన్నదే ఈ వ్యాస విషయం. నవ్వదలచినవారు నవ్వవచ్చును. ఇది చాలా చిన్న విషయమని 2018 దాకా నేను కూడా అనుకున్నవాడినే.

మా పెద్దబాపు బాయిలో టింబర్‌మెన్‌గా చేసి దిగిపోయిన మనిషి. బాయి అంటే నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. బయటి జిల్లాల నుండి వచ్చిన లెక్చరర్ల కోసం ఈ మాట చెప్తున్నాను. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం టింబర్‌మెన్ పని. దిమ్మె పెట్టే ముందు ఆ కప్పు కింద నిలబడవచ్చునా లేదా అన్నది తేల్చుకోవాలి కదా? దానికి యంత్రమేమీ లేదు. చేతిలో ఉన్న కడ్డీతోనో కర్రతోనో కప్పును కొట్టి చెవి పెట్టి వింటారు. రెండో చెయ్యి కప్పుకు ఆనించి వణుకు చూస్తారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. పైన పొర విడిపోయి ఉంటే డొల్ల పలుకుతుంది. కుండ కొనేటప్పుడు అవ్వ వేలి కణుపుతో కొట్టి చూడదా, అట్లాగే. కుండ విషయంలో చెవి పొరపాటు పడితే కుండ డబ్బులు పోతాయి. బాయిలో పొరపాటు పడితే ఏమవుతుందో ఈ ప్రాంతపు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు.

2017 దసరాకు అందరం ఇంటి వద్ద కూడినప్పుడు, ఈ సంగతులన్నీ పెద్దబాపు నోట రికార్డు చేయాలని నాకు బుద్ధి పుట్టింది. బ్యాండుసెట్టు వాళ్ళ దగ్గర కొన్న పాత చిన్న మిక్సరు ఒకటి, స్టేజీ మైకు ఒకటి, నా ల్యాప్‌టాపు. ఇదే మన స్టూడియో. మైకును మిక్సరుకు, మిక్సరును ల్యాప్‌టాపు పక్కనున్న మైకు రంధ్రానికి తగిలించాను. "ఏదన్న మాట్లాడు పెద్దబాపూ" అంటే, "ఏం మాట్లాడాలె బిడ్డా" అని సిగ్గుపడుతూ మెల్లగా అన్నాడు. ఆ మెల్లని గొంతుకే మిక్సరు మీద జోరు సరిచేసుకున్నాను. కంప్యూటరు తెర మీద మీటరు ఎర్రబడుతుంటే అక్కడి స్లైడరును కిందికి లాగాను. మీటరు పచ్చగా వచ్చింది. ఇక ఢోకా లేదనుకున్నాను.

పది నిమిషాలకు పెద్దబాపు సిగ్గు పోయింది. ఏండ్ల తరబడి డ్రిల్లు మిషన్ల మధ్య పని చేసినవాళ్ళకు చెవులు మందగిస్తాయి, చెవి మందగించినవాళ్ళకు గొంతు పెద్దదవుతుంది. ఆయన బాయిలోని మనిషిని పిలిచినట్లే మాట్లాడసాగాడు. మధ్యలో లేచి, చేతికర్రతో రాతి గడప మీద ఒక దెబ్బ కొట్టి "ఇన్నవా? గిది నిలవడే కప్పు" అన్నాడు. తర్వాత కర్ర బీరువా మీద ఒక దెబ్బ కొట్టి "గిది మీద పడే కప్పు" అన్నాడు. గంటా పది నిమిషాల రికార్డు. ఆసాంతం నేను మీటరు వంకే చూస్తూ కూర్చున్నాను. ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

మరుసటి ఎండకాలం ఆయన పోయాడు. పదకొండో నాడు చుట్టాలందరూ "ఆయన మాటలు పట్టినవట గదరా, పెట్టు" అంటే పెట్టాను. గొంతు చిరిగిన డప్పులాగా ఉంది. మెల్లగా అన్న మొదటి మాటలు తప్ప తక్కినదంతా బరబర. ఆ రెండు దెబ్బలూ ఒక్కటే తీరుగా "టప్", "టప్". ఏది నిలబడే కప్పో, ఏది మీద పడే కప్పో ఆ రికార్డు విని దేవుడు కూడా చెప్పలేడు. ఆ రోజే ఐదు నిమిషాలు వెనక్కి పెట్టి విని ఉంటే, మళ్ళీ కూర్చోబెట్టి అడిగి ఉండేవాడిని. వినలేదు. ఫైలు వచ్చింది కదా అని మూసిపెట్టాను.

ఎర్ర దీపం వెలగనిదే గొంతు ఎట్లా పగిలింది? ఈ ప్రశ్న నన్ను నెల రోజులు పట్టి పీడించింది. నాకు తెలిసిన లెక్క ఇది. కంప్యూటరు శబ్దాన్ని అంకెలుగా వ్రాసుకుంటుంది. సి.డి. పద్ధతిలో సెకనుకు 44,100 సార్లు, ఒక్కో అంకెకు 16 బిట్లు. ఆ అంకె పైకి 32,767 దాకా, కిందికి మైనస్ 32,768 దాకా పోగలదు. దానిమీద అంకె లేదు. 40,000 రావలసిన శబ్దం వచ్చినా 32,767 అనే వ్రాసి ఊరుకుంటుంది. అల శిఖరం గుండ్రంగా ఉండవలసిన చోట కత్తితో కోసినట్లు చదునవుతుంది. ఆ చదునే చెవికి బరబరగా వినిపిస్తుంది. ఆ చివరి హద్దునే సున్నా డెసిబెల్ అంటారు. అందుకే రికార్డింగు మీటరు మీద అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది. కాని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్టువేరులో నా ఫైలు తెరిచి చూస్తే అలలు హద్దు దాకా పోనే లేదు. సగం ఎత్తులోనే తలలు తెగి, గోడ కట్టినట్లు వరుసగా నిలబడి ఉన్నాయి.

బజారులో రేడియోలు బాగుచేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఈ బొమ్మ చూపించాను. తెర వంక చూసి, నా వంక చూసి, "పైపు పంపు కాడనే పలిగినంక ఇంట్ల నల్లా తిప్పితె ఏం లాభం సారూ?" అన్నాడు. నేను నాలుగేండ్లు చదివిన ఫిజిక్సు నాకు చెప్పనిది ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. స్టేజీ మైకు నుండి వచ్చేది వోల్టులో కొన్ని వేల వంతులు మాత్రమే. మిక్సరు దానిని పెంచి వోల్టు దరిదాపులకు తెచ్చి బయటికి పంపుతుంది. ల్యాప్‌టాపు మైకు రంధ్రమేమో వేల వంతులనే ఆశించి కూర్చుంటుంది. పైగా సెట్టింగులలో "మైక్రోఫోన్ బూస్ట్" అని ఒకటి 20 డెసిబెల్‌లు వేసి ఉంది. 20 డెసిబెల్ అంటే వోల్టేజీ పదింతలు. శబ్దం ఆ మొదటి మెట్టు మీదనే తల బద్దలు కొట్టుకుంది. ఆ తర్వాత నేను స్లైడరును కిందికి లాగి చేసిందేమిటంటే, పగిలిన శబ్దాన్ని చిన్నగా చేయడం. మీటరుకు ఎత్తు తెలుసును గాని, తల ఉందో లేదో తెలియదు.

సరే, మాటలు పోయినవి. ఆ దెబ్బల వెనుక వచ్చే గణగణ అయినా మిగలాలి గదా? రాతి దెబ్బకూ చెక్క దెబ్బకూ తేడా సగం అందులోనే ఉంటుంది. అక్కడ రెండో దొంగ ఉన్నాడు. ల్యాప్‌టాపులోనూ ఫోనులోనూ మనకు చెప్పకుండానే నాయిస్ సప్రెషన్ అనేది పనిచేస్తూ ఉంటుంది. మాట కానిదంతా దాని దృష్టిలో రొదే. ఫ్యాను శబ్దంతో పాటు గడప గణగణ కూడా తుడిచి పారేసింది. ఆఫీసు మీటింగులకు అది మంచిదే కావచ్చు. బాయి మనిషి చెప్పే సంగతికి మాత్రం పనికిరాదు. దానితో పాటు ఆటోమేటిక్ గెయిన్ అని మరొకటి ఉంటుంది. మనిషి ఊపిరి పీల్చుకునే సందులో జోరు పెంచుతుంది, కర్ర దెబ్బ పడగానే గొంతు నొక్కుతుంది. రికార్డు చేసేటప్పుడు ఈ రెంటినీ వెదికి ఆర్పివేయాలి.

ఇకపోతే, జోరు ఎక్కువ పెట్టాలనే పట్టుదల మనకు ఎక్కడిది? నా ఉద్దేశంలో ఇది క్యాసెట్టు కాలపు వారసత్వం. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టును బయటికి తెచ్చింది. మన కరీంనగర్, ఆదిలాబాద్ ఇండ్లకు అది 1980ల నాటికి దుబాయి నుండి వచ్చిన టూ-ఇన్-వన్‌లతో చేరింది. టేపుకు స్వతహాగా "హిస్స్" అనే రొద ఉంటుంది. గొంతు మెల్లగా పట్టితే ఆ రొదలో కలిసిపోతుంది. కనుక పెద్దవాళ్ళు "ముల్లు ఎర్ర గీతను ముద్దు పెట్టుకోవాలె" అని నేర్పినారు. టేపు కూడా ఆ మాట చెల్లించుకున్నది. జోరు మించితే అది ఒక్కసారి తెగదు, మెల్లగా నలుగుతుంది, శిఖరాలను గుండ్రంగానే అణుస్తుంది. డిజిటల్‌కు ఆ మర్యాద లేదు. హద్దు దాకా నిఖార్సు, హద్దు దాటితే గోడ. దానికి బదులుగా రొద భయం తీసివేసింది. 16 బిట్లలో రొదకూ హద్దుకూ మధ్య దాదాపు 96 డెసిబెల్‌ల చోటున్నది, 24 బిట్లలో ఇంకా ఎక్కువ. చోటు ఇంత ఉండగా మనం ఇంకా దుబాయి టేపురికార్డరు అలవాటుతో గీతకు ఆనించే పట్టుతున్నాము. ఇల్లంతా ఖాళీగా ఉంటే గుమ్మంలో నిలబడి తల కొట్టుకోవడం వంటిది ఇది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మెల్లగా పట్టిన గొంతును తర్వాత పెంచుకోవచ్చును. పగిలిన గొంతును ఎవరూ అతికించలేరు. మామూలు మాటకు శిఖరాలు మైనస్ 12 దగ్గర ఉంటే చాలు, పెద్ద గొంతు మనిషయితే మైనస్ 18 ఉన్నా నష్టం లేదు. "హలో హలో మైక్ టెస్టింగ్" అన్నదానికి జోరు సరిచేయకండి. ఆ మాటలు ఎవరూ మనసుపెట్టి అనరు. "తాతా, బాయి మీద సర్దార్‌ను ఎట్ల పిలిచేటోనివో ఒక్కసారి పిలువు" అనండి. ఆ పిలుపుకు సరిచేయండి. కర్ర దెబ్బో డప్పు దెబ్బో ఉంటే ముందుగా అదే కొట్టించి దానికి సరిచేయండి. దెబ్బ తల రెప్పపాటులో వచ్చి పోతుంది. పాత ముల్లు మీటర్లు సెకనులో మూడో వంతు సగటు చూపించేవి గనుక దానిని అసలు పట్టుకోలేకపోయేవి.

రికార్డు పాడైనప్పుడు దొంగ ఎవరో తెలుసుకోవడం కూడా కష్టం కాదు. తెర మీద అలను పెద్దది చేసి చూడండి. తలలు సరిగ్గా చివరి హద్దు దగ్గర తెగి ఉంటే తప్పు కంప్యూటరులోకి పోయే జోరుది. హద్దుకు కిందనే తెగి ఉంటే తప్పు అంతకంటే ముందు మెట్టుది. మిక్సరు గెయిన్ కావచ్చు, బూస్ట్ కావచ్చు, నాలాగా తప్పు రంధ్రం కావచ్చు. తలలు గుండ్రంగానే ఉండి చెవికి మాత్రం బరబర వినిపిస్తుంటే రికార్డు మంచిదే కావచ్చు, మీ స్పీకరో ఇయర్‌ఫోనో చెడ్డది కావచ్చు. వేరే వాటితో వినండి. మిక్సరు నుండి తీసుకునేవాళ్ళు లైన్ ఇన్ అనే రంధ్రం ఉంటే అందులో పెట్టాలి. ఈ కాలపు ల్యాప్‌టాపులలో అది చాలావాటికి ఉండదు గనుక, యు.ఎస్.బి. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా కొనుక్కోవడమే దారి. "గూఁ" అని సన్నని మోత వస్తున్నదంటే అది చాలాసార్లు మన 50 సైకిళ్ళ కరెంటు మోతే, చార్జరు ఊడదీసి బ్యాటరీ మీద నడిపి చూడండి.

మైకు దూరం గురించి ఒక మాట. మైకును జోరుతో దగ్గరకు తేవడం వేరు, చేతితో దగ్గరకు తేవడం వేరు. దూరం సగం చేస్తే నోటి నుండి వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది, గదిలో మారుమోగేది మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి జోరు తగ్గించి మైకును జానెడు దూరానికి, నోటికి కొంచెం పక్కగా తెచ్చుకోవాలి. ఎదురుగా పెడితే ప, భ అక్షరాల గాలి వచ్చి తగులుతుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కోసం పాడినప్పుడు మైకే లేదు. బూర ముందు నిలబడి పాడాలి. ఆ కాలపు గాయకులు పెద్ద స్వరం వచ్చినప్పుడు బూరకు కొంచెం వెనక్కి జరిగేవారు. జోరు సరిచేసే పని ఒంటితోనే చేశారన్నమాట. మనకు బిర్రలూ స్లైడర్లూ ఇన్ని ఉండి చేతకాలేదు!

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డు తగులుతారు. "ఇప్పుడు సాఫ్టువేర్లు ఉన్నాయి, తెగిన తలలు అవే మొలిపిస్తాయి" అంటారు. ఉన్నాయి, నేనూ వేసి చూశాను. మాటలు కొంత మెత్తబడ్డాయి కూడా. కాని అది చేసేది ఊహ. ఇరుపక్కల ఉన్న అలను చూసి మధ్యలో ఏముండి ఉండవచ్చునో లెక్కవేసి నింపుతుంది. రాతి దెబ్బకూ చెక్క దెబ్బకూ అది ఒక్క తీరు తలలే అతికించి ఇచ్చింది. దాని తప్పేమీ లేదు. అది బాయిలోకి దిగలేదు. ఇంకొందరు "32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చినయి, వాటికి జోరు పెట్టే పనే లేదు" అంటారు. నిజమే, వాటిలో ఆ చివరి హద్దు భయం దాదాపు లేదు. కాని వాటికి ముందున్న మైకే తట్టుకోలేకపోతేనో, నాలాగా ముందు మెట్టులోనే పగిలితేనో, అవి ఆ పగిలినదానినే మహా శ్రద్ధగా భద్రపరుస్తాయి.

అసలు మనకు పగిలిన శబ్దమే బలమైన శబ్దమని చెవులు అలవాటు పడ్డాయని నా అనుమానం. వినాయకుడి ఊరేగింపు కానీ, పెండ్లి బరాత్ కానీ, డి.జె. బాక్సుల మీద ఎర్ర దీపాలు ఆరకుండా వెలుగుతుంటేనే "సెట్టు దుమ్ము లేపుతున్నది" అంటాము. బతుకమ్మ పాట కూడా ఇప్పుడు ఆ బాక్సులలోనే వస్తున్నది. చప్పట్లు ఎక్కడ, గొంతు ఎక్కడ తెలియదు. పాడే అక్కలు మెల్లగానే పాడుతారు, పగలగొట్టేది మనము. ఈ మాటకు సంఘం తమ్ముళ్ళకు కోపం రావచ్చును. రానీ.

ఇదంతా మన ప్రాంతానికి ఎందుకింత అవసరమంటే, ఇల్లందు దగ్గర 1889లో మొదలైన బొగ్గు తవ్వకానికీ, 1920లో సింగరేణి పేరు పెట్టుకున్న కంపెనీకీ ఏ ఏడు ఎన్ని టన్నులు అన్న లెక్క దస్తరాలలో ఉన్నది. ఆ టన్నులు తీసిన మనుషుల గొంతులు మాత్రం ఇండ్లలో ఉన్నాయి. శ్రీరాంపూర్‌లో, మందమర్రిలో, బెల్లంపల్లిలో, గోదావరి అవతల గోదావరిఖనిలో. తట్టలతో బొగ్గు ఎత్తిన చోట లోడింగు మిషన్లు వచ్చినవి. కర్ర దిమ్మెల చోట రూఫ్ బోల్టులు వచ్చినవి. ఓపెన్‌కాస్టులలో కొట్టి చూడడానికి కప్పే లేదు. కప్పు మోత చెవితో తెలిసిన తరం నులక మంచాల మీద కూర్చుని ఉన్నది. మన విద్యార్థులలో ప్రతివాడి జేబులోనూ ఒక రికార్డరు ఉన్నది. మధ్యలో అడ్డం వస్తున్నది ఈ జోరు సంగతి ఒక్కటే.

అందుకని సంఘానికి నాదొక మనవి. ఈ ఏడు వార్షికోత్సవానికి తెచ్చే సౌండు బాక్సులలో రెండు తగ్గించి, ఆ డబ్బుతో చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు నాలుగు కొనండి. ఫిజిక్సు లెక్చరర్లను అడిగి ఒక సగం రోజు అందరికీ ఈ విద్య నేర్పించండి. తర్వాత ఎవరి తాతను వాళ్ళు రికార్డు చేసుకురండి. మొదటి రెండు నిమిషాలు పట్టి, ఆపి, హెడ్‌ఫోన్లతో విని, అప్పుడు ముందుకు పోవాలి. వాట్సాప్‌లో పంపింది దాచుకుంటే చాలదు, అది శబ్దాన్ని కుదించి పంపవచ్చును. అసలు ఫైలును రెండు చోట్ల ఉంచి, తేదీ, ఊరు, బాయి నెంబరు వ్రాసిపెట్టాలి.

పోయిన చలికాలంలో శ్రీరాంపూర్ కాలనీలో పెద్దబాపు జోడీదారు ఒకాయన దగ్గరకు పోయాను. ఆయనా టింబర్‌మెనే, ఎనభై దాటినాయి. ముందుగా నా పాత రికార్డు వినిపించాను. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకుని, ఆ రెండు దెబ్బలూ రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు. "గిందుల నిలవడే కప్పు ఏడున్నది కొడుకా? రెండూ డొల్లనే. నేనైతె లోపలికి పోను" అన్నాడు.

ఆయన ఇంటి గడప కూడా రాయే. మైకును మూరెడు దూరం పెట్టి, జోరు బాగా దించి, "కాకా, ఒక్క దెబ్బ కొట్టు" అన్నాను. కొట్టాడు. శిఖరం మైనస్ 14 దగ్గర ఆగింది. వెనక్కి పెట్టి ఆయనకే వినిపించాను. గణగణ చివరిదాకా విని, హెడ్‌ఫోన్లు తీసి కర్ర అందుకుని, "ఇప్పుడు డొల్లది కొట్టాల్నా?" అని అడిగాడు.